జీతగాడి కూతురు నల్లబల్ల మీద రాసిన మాటలు

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా తమ్ముడు మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "అమ్మా, ఇయ్యాల సార్ మస్తు మాట చెప్పిండు. జీతం తీసుకునేటోడు ఎప్పటికీ జీతగాడే అంట," అన్నాడు. అని నవ్వాడు కూడా. ఆ మాట అతనికి బాగా నచ్చిందని ముఖంలోనే తెలుస్తోంది.

అమ్మ చేట కింద పెట్టింది.

"ఎవడు వాడు?"

"ట్రేడింగ్ క్లాస్ సార్. వర్లి నుంచి వస్తడు. మనోడే, తెలుగోడే."

"మనోడైతే గా మాట అనడు," అంది అమ్మ. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది గాని ఆ పూట ఇక ఒక్క రాయి కూడా ఏరలేదు.

తమ్ముడికి ఏం జరిగిందో అర్థం కాలేదు. నాకు అర్థమయింది. మా నాయిన మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక దొర దగ్గర నిజంగానే జీతగాడు. పశువులు కాసి, ఎరువు మోసి, ఏడాది చివర ఇన్ని జొన్నలు కొలిపించుకుని, మళ్ళీ వచ్చే ఏడాదికి అదే ఇంటికి కట్టుబడి ఉండే బతుకు. పద్దెనిమిదేళ్ళ వయసులో దొరకు చెప్పకుండా ఊరు విడిచి బొంబాయి బస్సెక్కాడు. ఇక్కడ కూలీలు పని కోసం చేరే నాకా కూడలిలో నిలబడి, మేస్త్రీ వెంట రాళ్ళు మోసే కూలీగా కుదిరాడు. మొదటి శనివారం కూలీల పెద్ద ముకాదం కూలి పంచుతూ తనను పేరు పెట్టి పిలిచాడని చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఊళ్ళో దొర ఎన్నడూ ఆయన్ని పేరుతో పిలవలేదట. కాబట్టి జీతం, జీతగాడు అనే రెండు మాటలు వినడానికి ఒకే చెట్టు కొమ్మల్లా ఉన్నా, మా ఇంట్లో వాటి మధ్య ఒక మనిషి జీవితమంత దూరం ఉంది. నాయిన పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్ళు. ఆ దూరం అతనికి ఎవరూ చెప్పలేదు. అందులో నా తప్పు కూడా ఉంది.

మాది కామాటిపురలో పదకొండో గల్లీ. గదికో కుటుంబం ఉండే పాత భవనం, చాల్ అంటారు, దాని మూడో అంతస్తులో ఒకే గది, దాన్ని మేము ఖోలీ అంటాం. అందులో అమ్మ, నేను, తమ్ముడు, మరదలు, వాళ్ళ చిన్న పాప. అమ్మ పుట్టింటివాళ్ళు మూడు తరాలుగా ఈ గల్లీలోనే ఉన్నారు. అమ్మ ముప్పయ్యేళ్ళు నెత్తిన ఘమేలా తట్ట పెట్టుకుని సున్నం, సిమెంటు మోసింది. నాకు నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడగడం మానేసి పదేళ్ళయింది.

నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక పాత భవనంలో ఉన్న షేర్ బ్రోకర్ ఆఫీసులో పనిచేస్తాను. ఊడ్చి, తుడిచి, చాయ్ ఇవ్వడానికి చేరాను. తరువాత ఫారాలు నింపడం నేర్చుకున్నాను. ఆ తరువాత ఖాతాదార్లు ఫోన్‌లో చెప్పే ఆర్డర్లు కంప్యూటర్‌లో పెట్టడం నేర్చుకున్నాను. అందుకు రాయాల్సిన పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను. చేరేరోజు యజమాని సేఠ్ నా అడ్రస్ అడిగాడు. కామాటిపుర అనగానే ఆయన చేతిలో కలం ఆగింది. ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది ఒళ్ళమ్ముకునే గల్లీలే, ఆ ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఆ పేరు మావాళ్ళది సేఠ్. ఈ ఊరికి రాళ్ళు మోసిన కామాటీలది. మీరు కూర్చున్న ఈ గోడలు కూడా మావాళ్ళెవరో లేపినవే అయి ఉంటాయి," అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకునే అన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి, అడ్రస్ పూర్తిగా రాసుకున్నాడు.

ఆ ఆఫీసులో నాకు జీతంతో పాటు మాటలు దొరికాయి. ఇప్పుడంటే అందరూ ఫోన్‌లోనే కొని ఫోన్‌లోనే అమ్ముకుంటున్నారు గాని, కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ మా దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని తెర మీద ధరలు చూస్తారు. వాళ్ళలో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన అనేవాడు: "లాభమొస్తే నేను కొన్నా అంటాం, నష్టమొస్తే వాడు కొనిపించాడు అంటాం. అందుకే ఈ బజారులో కొనిపించేవాళ్ళ జనాభా ఎక్కువ." మందుల దుకాణం ఆయన ఇంకో రకం: "పెరిగితే నా తెలివి అంటాను, పడితే దీర్ఘకాలానికి కొన్నానంటాను. నా దగ్గర మాటలకు కొరత లేదు." సేఠ్ స్వయంగా, రోజూ షట్టర్ ఎత్తుతూ, "తొమ్మిదింబావుకి అందరూ పండితులు, మూడున్నరకి అందరూ భక్తులు," అనేవాడు. తొమ్మిదింబావుకి మార్కెట్ తెరుస్తారు, మూడున్నరకి మూస్తారు. ఒక బడి టీచరమ్మ ఫోన్‌లో నాతో అంది: "మా ఆయన నన్ను అడక్కుండా కొంటాడు. పోయాక మాత్రం నా జాతకం చూపిస్తాడు."

వీటన్నిటినీ ఒక పాత డైరీ వెనక పేజీల్లో తెలుగులో రాసుకునేదాన్ని. నేను సరుకుల జాబితా రాసుకుంటున్నానని సేఠ్ అనుకునేవాడు. అలా రాయగా రాయగా నాకొక సంగతి తెలిసింది. నవ్వించే మాటలన్నీ పోగొట్టుకున్నవాళ్ళ నోటి నుంచే వచ్చాయి. గెలుస్తున్నవాళ్ళెవరూ నవ్వించరు, ఉపదేశాలు చెప్తారు.

తమ్ముడి సార్ కూడా ఉపదేశాలే చెప్పేవాడు. ఆయన ప్రతి ఆదివారం మా చాల్ సంఘం హాలులో క్లాసు పెట్టేవాడు. హాలు అద్దె సంఘానికి వచ్చేది కాబట్టి పెద్దలకు ఆయనంటే గౌరవం. మా గల్లీలోని వాచ్‌మన్లు, ఆసుపత్రి వార్డుబాయ్‌లు, డ్రైవర్లు, పెయింటర్లు, మహబూబ్‌నగర్ నుంచి కొత్తగా వచ్చిన కూలీలు కూడా వెళ్ళేవారు. ఆయన నేర్పేది ఆప్షన్ల ట్రేడింగ్. షేరు కొనుక్కుని ఉంచుకోవడం కాదది. ధర ఫలానా రోజుకల్లా పెరుగుతుందనో తగ్గుతుందనో కొద్ది డబ్బుతో పందెం కాసినట్టు ఉంటుంది. ఆ రోజుకల్లా అనుకున్నట్టు జరగకపోతే, పెట్టింది మొత్తం పోతుంది. మా ఆఫీసులో ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా దాని జోలికి వెళ్ళాలంటే రెండుసార్లు నీళ్ళు తాగుతారు.

అమ్మ చేట కింద పెట్టిన మరుసటి ఆదివారం నేను కూడా ఆ హాలుకు వెళ్ళాను. ఆడవాళ్ళు ఎవరూ లేరు. సార్‌కి నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. తన ఫోన్ తెరను గోడ మీద పెద్దగా కనబడేలా పెట్టి, ఆ వారం తను సంపాదించినవన్నీ చూపించాడు. అన్నీ ఆకుపచ్చ అంకెలే. మధ్యమధ్యలో ఒక్కో మాట విసిరేవాడు. హాలంతా దాన్ని తిరిగి పలికేది.

నేను లేచి, "సార్, ఎర్రవి కూడ చూపిస్తరా?" అని అడిగాను.

"ఏంటి అక్కా?"

"పోయినయ్. పోగొట్టుకున్న రోజులు. అవి ఒక్కటి కూడ లేదు గోడ మీద."

ఆయన నవ్వాడు. "పైకి ఎక్కేటోనికి కిందికి చూడకు అని చెప్త నేను. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతయ్."

హాలు చప్పట్లు కొట్టింది. తమ్ముడు కూడా కొట్టాడు.

"మా నాయిన పరంజా ఎక్కి గోడలు కట్టిండు సార్. ఎక్కే ముందు కిందికే చూసేటోడు. బొంగులు గట్టిగున్నయా, తాళ్ళు బిగిసినయా అని. చూడకుండ ఎక్కినోళ్ళు పడ్డరు. మా నాయిన పడలేదు," అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సార్ మాత్రం అంతే మెత్తగా, "ఆడోళ్ళకు భయం ఎక్కువ ఉంటది. తప్పు కాదు. ఇంట్ల ఎవరో ఒకరు భయపడాలె," అన్నాడు. ఈసారి హాలు నవ్వింది. నేను కూర్చోలేదు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా నిలబడి, ఆ తరువాత నడిచి బయటికి వచ్చాను.

మా చాల్‌లో మెట్ల కింద ఒక నల్లబల్ల ఉంది. ఎవరు పోయారు, ఏ రోజు నీళ్ళు రావు, సంఘం మీటింగు ఎప్పుడు, ఇలాంటివి దాని మీద రాస్తారు. ఒకప్పుడు అన్నీ తెలుగులో రాసేవారు, ఇప్పుడు మరాఠీలో రాస్తారు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ నేను సుద్దముక్క తీసుకుని ఆ బల్ల మీద కింది సగంలో తెలుగులో రాశాను:

"మా నాయిన జీతగాడి బతుకు వదిలి జీతం వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రెండిటికీ తేడా తెలియనివాడు మాకు పాఠం చెప్పనక్కరలేదు."

సాయంత్రం వచ్చేసరికి తుడిచేసి ఉంది. మంగళవారం ఇంకొకటి రాశాను. "గెలిచే విద్య తెలిసినవాడికి క్లాసు ఫీజుతో పనేముంది?" అదీ తుడిచారు. బుధవారం రాశాను. ఇలా నెలల తరబడి సాగింది. నేను పొద్దున రాయడం, ఎవరో మధ్యాహ్నానికి తుడవడం. కాని మధ్యాహ్నం లోపల ఒక ముఖ్యమైన పని జరిగేది. పదింటికి ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకోవడానికి కిందికి వస్తారు. మొదటి అంతస్తులో ఒక ముసలమ్మ ఉంది, అందరం అవ్వా అని పిలుస్తాం. ఇక్కడి తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల మీది మాట పెద్దగా చదివేది. బిందెలు నిండేలోగా అందరి నోటా ఆడేది. అక్కడి నుంచి అది వంటింట్లోకి, వంటింట్లోంచి కంచం ముందు కూర్చున్న కొడుకు చెవిలోకి వెళ్ళేది.

నేను రాసినవి కొన్ని ఆఫీసులో విన్నవి, కొన్ని అమ్మ దగ్గర తీసుకున్నవి, కొన్ని నడుస్తూ నాకు నేనే కట్టినవి. "పరంజా మీద నిలబడ్డంత మాత్రాన ఇల్లు నీది కాదు" అని రాశాను, అరువు డబ్బుతో ఆడేవాళ్ళను చూసి. "సెంటరింగ్ చెక్కలు ఊడదీశాకే అది స్లాబో కాదో తెలిసేది, మార్కెట్ ఎక్కేటప్పుడు అందరం స్లాబులమే" అన్నది అమ్మ చెప్పిన పనిసంగతి మీద నేను కట్టిన మాట. "కొనేటప్పుడు ఫోను మాట వింటాడు, అమ్మేటప్పుడు దేవుడికి మొక్కుతాడు" అన్న రోజు అవ్వ రెండుసార్లు చదివిందట, నవ్వాపుకోలేక.

అవతలి వాళ్ళూ ఊరుకోలేదు. ఒకరోజు నా మాట తుడిచిన చోట మరాఠీలో, భయపడేవాడు చాల్‌లో పుట్టి చాల్‌లోనే చస్తాడని రాశారు. మర్నాడు దాన్ని తుడవకుండా దాని కిందే రాశాను: "చాల్‌లో పుట్టినందుకు సిగ్గుపడను. చాల్‌లో చావడానికి భయపడను. ఇంకేం అమ్ముతావు నాకు?"

ఇంట్లో మాత్రం గెలవడం అంత తేలిక కాలేదు. మొదటి రెండు నెలలు తమ్ముడికి బాగా వచ్చింది. పాపకు సైకిలు కొన్నాడు. అమ్మకు చీర తెచ్చాడు. అమ్మ దాన్ని విప్పకుండా అటక మీద పెట్టింది. మూడో నెలలో, ఇన్నాళ్ళూ చేస్తున్న ఏసీలు బాగుచేసే పని మానేశాడు.

"మానేసినవా, మాన్పించిండ్రా?" అని అడిగాను.

"మానేసిన. పొద్దంతా ఒకరి బాత్రూం కిటికీకి వేలాడి నేను సంపాదించేది, గంటల కూసోని సంపాదిస్తున్న. నీకేం కష్టం అక్కా?"

"గంట పని గాదది. గంట అదృష్టం."

"నువ్వు పద్దెనిమిదేండ్ల సంది సేఠ్ ముంగట కూసున్నవ్. ఒక్కనాడన్న నీ కోసం కొన్నవా? వేరేటోళ్ళ ఆర్డర్లు కొట్టుడే నీ పని. నీకు ధైర్యం లేదు, నాకుంటే ఓర్వవు."

ఆ మాట నన్ను నిజంగా గుచ్చింది. నేను కొన్నాను, నెలనెలా కొద్దికొద్దిగా, ఎవరికీ చెప్పకుండా. అమ్మకు జబ్బు చేస్తే ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని. ఆ సంగతి చెప్పి గెలవచ్చు. చెప్పలేదు. మరదలు పాపను ఎత్తుకుని బయట వరండాలోకి వెళ్ళిపోయింది. తరువాత చాలా రోజులు మేమిద్దరం ఒకే గదిలో ఒకరినొకరు తప్పుకుని తిరిగాం. పొద్దున నేను రాయడం మాత్రం మానలేదు. నిజానికి అప్పటి నుంచి రాసిన ప్రతి మాటా అతని కోసమే రాశాను.

ఆ పందేల గడువు ముగిసే రోజు ఒకటుంది, దాన్ని ఎక్స్‌పైరీ అంటారు. అలాంటి ఒక రోజు మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఆఫీసు ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. నేను ఎక్కువ పెట్టిన. పెరుగుతదన్నరు, కిందికే పోతుంది. ఏం చేయాలె?"

నేను తెర చూశాను. "మిగిలింది తీసుకోని బయటికి రా. ఇప్పుడే."

"సార్ గ్రూపుల ఆగుమని రాసిండు. చివరి పది నిమిషాల తిరుగుతది అంటుండు."

"తమ్మీ, నా మాట ఇను."

"ఆగుమంటుండు అక్కా," అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడిదిలా ఉంది. ఫోన్ పెట్టేశాడు.

అది తిరగలేదు. మూడున్నరకు సేఠ్ తెర ఆపుతుంటే నేను సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. ఇంటికి ఫోన్ చేస్తే, అతను ఇంకా రాలేదంది మరదలు. వెతుక్కుంటూ పోతే, గ్రాంట్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెన మీద, కింద లోకల్ బండ్లు పోతుంటే చూస్తూ, రెయిలింగ్‌ని ఆనుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి చొక్కా పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. గుండీ ఒకటి ఊడింది.

"దుంకను అక్కా," అన్నాడు. "ఊకె నిలబడ్డ. ఇంటికి పోవాలంటే ముఖం లేదు."

"ముఖం కడుక్కుంటే వస్తది. నడువు."

నడవలేదు. వంతెన మీద జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. నేను ఎంత పోయిందని అడగలేదు. అతనే చెప్పాడు. చేసిన పొదుపంతా పోయింది. ఇక పని చేస్తేనే తిండి.

"రోజూ పొద్దున రాస్తుంటి గద తమ్మీ," అన్నాను. కోపంతో కాదు, ఏడుపుతో వచ్చిందా మాట. "అన్నీ నీ కోసమే రాసిన. ఒక్కటన్న చదవకపోతివి."

అతను నా వైపు తిరిగాడు. "నాకు తెలుగు చదవరాదక్కా. నీకెరుక లేదా?"

నాకు ఎరుకే. నేను చదివిన తెలుగు బడి అతని ఈడు వచ్చేసరికి మూతపడింది. అతను మరాఠీ బడికి వెళ్ళాడు. ప్రతి పండగకూ అతని పేరు తెలుగులో రాసి చూపించి, నేర్పిస్తాలే అనేదాన్ని. నేర్పించలేదు. అంత తెలిసి కూడా నెలల తరబడి అతని కళ్ళ ముందు, అతను చదవలేని లిపిలో, అతని కోసం రాస్తూ పోయాను.

"నువ్వు నన్ను తిడుతున్నవ్ అనుకున్న," అన్నాడు. "ఆడోళ్ళు చదివి నవ్వుతుంటే, నన్నే అంటున్నరని. అందుకే నేనే తుడిచేటోన్ని."

ఆ మాటకు నేను వంతెన మీదే నవ్వాను. అతనికీ నవ్వొచ్చింది. ఇద్దరం కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చాం. అమ్మ కంచంలో అన్నం పెట్టి అతని ముందు కూర్చుని, అతను తిన్నంతసేపూ నాయిన కథ చెప్పింది. దొర, జొన్నలు, బస్సు, నాకా, ముకాదం పేరు పెట్టి పిలవడం. అతను వింటూ తిన్నాడు. మధ్యలో ఒకచోట ముద్ద ఆగింది. మళ్ళీ తిన్నాడు.

మర్నాడు నేను బల్ల మీద మామూలుగా తెలుగులో రాసి, దాని కింద అదే తెలుగు మాటను మరాఠీ అక్షరాల్లో రాశాను. లిపి వాళ్ళది, మాట మనది. ఆ రోజు మొదటిసారి కుర్రకారు ఆగి చదివారు. పెదవులు కదుపుతూ, తమ ఇంటి భాషను తెలిసిన అక్షరాల్లో చూసి ఆశ్చర్యపోతూ చదివారు. సంఘంలో ఒక పెద్దమనిషి, తెలుగును మరాఠీ అక్షరాల్లో రాయడం తల్లికి పరాయి చీర కట్టడం లాంటిదని నాకు కబురు పంపాడు. తల్లి చలికి వణుకుతుంటే ఎవరి చీరైనా కప్పుతానని తిరిగి కబురు పంపాను.

ఆ తరువాత క్లాసుకు వచ్చేవాళ్ళు తగ్గారు. పోగొట్టుకున్నది తమ్ముడొక్కడే కాదు. వాళ్ళు ఇన్నాళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే. సార్ సంఘానికి ఫిర్యాదు చేశాడు, నేను తన పరువు తీస్తున్నానని. సంఘం మీటింగు పెట్టి నన్ను రమ్మంది. నేను వెళ్ళేసరికి హాలులో ముందు వరసంతా ఆడవాళ్ళు. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని మధ్యలో కూర్చుంది. సంఘం మీటింగులకు ఆడవాళ్ళు రావడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దలు కూడా చూసినట్టు లేరు, కుర్చీలు సరిపోక ఇబ్బంది పడ్డారు. అమ్మ రాలేదు, మోకాళ్ళ నొప్పి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, బల్ల సంఘానిది. నీ సొంత మాటలు రాసుకునేటందుకు గాదు."

"హాలు కూడ సంఘానిదే కాకా. ఆయన సొంత మాటలు చెప్పుకునేటందుకు ఇచ్చిండ్రు గద."

"ఆయన కిరాయి కడుతుండు."

"నేను సుద్దముక్క నాదే తెచ్చుకుంటున్న."

ఆడవాళ్ళ వరసలో నవ్వులు. సార్ లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన గొంతులో మెత్తదనం లేదు. "నేను ఎవ్వరికీ కొనుమని చెప్పలేదు. చదువు చెప్పిన. పోగొట్టుకుంటే వాళ్ళ తప్పు. వచ్చినప్పుడు నాకు స్వీట్లు తెచ్చిచ్చిండ్రు, పోయినప్పుడు నన్ను అంటే ఎట్ల?"

ఆ మాటలో కొంత నిజం ఉంది. నేను ఆ రోజూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను. తమ్ముడు కూడా స్వీట్లు ఇచ్చినవాడే.

"వాళ్ళ తప్పు వాళ్ళు ఒప్పుకుంటరు సార్," అన్నాను. "నా తమ్ముడు రేపటి నుంచి మళ్ళ పనికి పోతుండు. మీరు అన్న మాట ఒక్కటి మీరు వాపస్ తీసుకోండ్రి. జీతం తీసుకునేటోడు జీతగాడు అన్నరు. ఈడ కూసున్నోళ్ళ తాతలు జీతగాళ్ళు. వాళ్ళు పారిపోయి వచ్చింది జీతం కోసమే. ఆ మాట వాపస్ తీసుకుంటే నేను బల్ల ముట్ట."

సార్ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కిటికీ వైపు చూశాడు. మాట వెనక్కి తీసుకోవడానికి సార్‌కి పెద్దగా పోయేదేమీ లేదు. అయినా తీసుకోలేదు. సంచిలో తన వైర్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇంకెక్కడో క్లాసు చెప్తున్నాడని విన్నాను. అక్కడ కూడా ఎవరికో ఒక నల్లబల్ల ఉండాలని కోరుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

తమ్ముడు వేరే దుకాణంలో ఏసీ పనికి కుదిరాడు. ఫోన్‌లో ఆ యాప్ తీసేశాడా లేదా అని నేను అడగలేదు. పెద్దవాడు, అతని ఫోన్ అతనిది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు మాత్రం నేను వాళ్ళ అదృష్టం చెడగొట్టానని ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఒకడు మెట్ల మీద ఎదురైతే గోడకు అంటుకుపోతాడు. నేను పలకరిస్తూనే ఉంటాను.

మీటింగు అయిన వారానికి సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. బల్లను అనుమతి లేకుండా వాడినందుకు, హాలు అద్దె పోగొట్టినందుకు నేను లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలని, లేకపోతే సంఘం సభ్యత్వం గురించి ఆలోచించాల్సి వస్తుందని. ఆదివారం పొద్దున గడప దగ్గర కూర్చుని జవాబు రాశాను. తెలుగులో రాసి, కింద మరాఠీ అక్షరాల్లో కూడా రాశాను, అధ్యక్షుడి కొడుక్కి కూడా చదవరావాలని. "క్షమాపణ చెప్పడానికి నేను చాలా వెతికాను. కారణం దొరకలేదు." కింద సంతకం చేశాను.

అమ్మ లోపలి నుంచి, "ఏం రాసినవ్ బిడ్డా?" అంది.

చదివి వినిపించాను. ఆమెకు ఏ అక్షరాలూ రావు. కాగితం చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇంకింత పెద్దగ రాయకపోతివి," అంది.